మూత పెట్టి తీసిన ఫోటో

“నా కళ్ళతో చూస్తే గాని నేను దేన్నీ నమ్మను” అని గొప్పగా చెప్పుకునేవారు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మా ఇంట్లో మా బావగారున్నారు. మాట వినడానికి బాగానే ఉంటుంది. కాని పగటి ముహూర్తానికి పెళ్ళి చేసుకున్న మగవాళ్ళందరూ పందిట్లోంచి ఆకాశం వంక చెయ్యెత్తి, “అదిగో అరుంధతి, కనబడిందా?” అని పెళ్ళికూతుర్ని అడిగినవారే కదా! ఆ పిల్లా తలెత్తకుండానే “ఊఁ” అన్నదే కదా! ఆ సమయంలో ఇద్దరికీ కనబడింది పందిరి మీది తాటాకే. అయినా ఆ “ఊఁ” మీద ఎన్నెన్నో కాపురాలు నిలబడ్డాయి.

నవ్వులాటకి అన్నాను గాని, మన పెద్దలు ఆ అరుంధతి పేరుతోనే ఒక న్యాయం చెప్పారు. మసక చుక్కని చూపించాలంటే దాన్నే చూడమంటే లాభం లేదు. ముందు పక్కనున్న పెద్ద చుక్కని చూపించి, అక్కణ్ణించి మెల్లిగా చిన్నదాని దగ్గరికి చూపుని నడిపించుకు పోవాలి. అంటే వెలుగు తక్కువైన దాన్ని చూడడానికి ఒక పద్ధతీ, కాస్త ఓపికా కావాలని వాళ్ళకి తెలుసన్నమాట. ఆ మసక వస్తువుల గురించే ఈ వారం నాలుగు మాటలు రాద్దామనుకుంటున్నాను.

మా ఆడపడుచు కొడుకు ఒకడున్నాడు. పగలంతా కంప్యూటరు ఉద్యోగం. అమావాస్య దగ్గర పడుతోందంటే చాలు, వాడి కాలు ఇంట్లో నిలవదు. ఒక టెలిస్కోపూ, ఒక కెమెరా, ఒక బరువైన ఇనప స్టాండూ, రెండు బ్యాటరీలూ, ఒక గొంగళీ కారులో పడేసుకుని ఊరికి దూరంగా ఎవరిదో మామిడితోటకి పోతాడు. తెల్లవార్లూ కూర్చుంటాడు. వాళ్ళమ్మకి ఒకటే బెంగ, “పెళ్ళీడు పిల్లాడు అమావాస్య రాత్రి తోటల్లో తిరుగుతున్నాడంటే ఎవరు పిల్లనిస్తారు వదినా?” అని.

పోయిన పుష్యమాసంలో వాడు ఒక ఫోటో తెచ్చి చూపించాడు. మృగశిర దగ్గర వరసగా మూడు చుక్కలుంటాయే, చలికాలం పెరట్లో నిలబడితే మనకీ కనబడతాయి, వాటిలో ఒక చివర చుక్కకి కాస్త కిందుగా తీసిందిట. ఎర్రటి పట్టుచీర ఆరవేసినట్టు వెలుగు. ఆ ఎరుపు మధ్య నల్లగా, అచ్చం గుర్రం మెడ వంచి చూస్తున్నట్టు ఒక ఆకారం. “గుర్రపుతల నీహారిక అంటారత్తయ్యా. అక్కడి వెలుగు మన దాకా రావడానికి వెయ్యేళ్ళు పైనే పడుతుంది” అన్నాడు.

మా బావగారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. “నువ్వు ఆ టెలిస్కోపులో కన్ను పెట్టి చూస్తే ఇది కనబడిందా?” అని అడిగారు.

“లేదు మామయ్యా. నా టెలిస్కోపులో కంటికి కనబడదు.”

“ఈ ఎరుపు?”

“అదీ కనబడదు.”

“మరింకేం! కంటికి కనబడంది, రంగు తెలియంది. ఇది ఫోటో కాదురా అబ్బాయ్, పెయింటింగు” అని పేపరు తీసుకున్నారు.

ఆ మాటకి పిల్లాడి మొహం చిన్నబోయింది. నాకు మాత్రం బావగారి ప్రశ్న కొట్టిపారెయ్యదగ్గదిగా అనిపించలేదు. ఆలోచిస్తే అది చుక్కలకి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. మామూలు చూపుకి అందని దాన్ని మనం కూడబెట్టి, పోగుచేసి, పెద్దది చేసి చూపిస్తే అది నిజమవుతుందా? మన కల్పనవుతుందా? కాపురాల్లో మనం రోజూ తేల్చుకోవలసిన సంగతే ఇది.

ముందు కంటి సంగతి చూద్దాం. మన కన్ను చాలా చురుకైనదే గాని, దాచుకునే గుణం లేనిది. సెకనులో చిన్న భాగం పాటు వచ్చిన వెలుగుని చూస్తుంది, వెంటనే పలక తుడిచేసి మళ్ళీ మొదలెడుతుంది. గంటసేపు కళ్ళప్పగించి చూసినా గంట వెలుగూ ఒక్కచోట చేరదు. చీకట్లో ఓ అరగంట కూర్చుంటే చూపు కొంత పదునెక్కుతుంది, అంతే. ఫోటో పలక అలా కాదు. చుక్క చుక్కగా కారే కుళాయి కింద రాత్రి పెట్టిన బిందె లాంటిది. ఏ క్షణం చూసినా ఒక్క చుక్కే పడుతూంటుంది. తెల్లారేసరికి బిందె నిండుతుంది. “కుళాయి రావడం లేదు” అన్న మనిషీ అబద్ధమాడలేదు, బిందె అంతకన్నా అబద్ధమాడలేదు.

ఈ బిందె పెట్టే విద్యకి నూటనలభై ఏళ్ళు దాటాయి. 1880 సెప్టెంబరు 30న అమెరికాలో హెన్రీ డ్రేపర్ అనే వైద్యుడు మృగశిర ప్రాంతంలోని పెద్ద నీహారికని 51 నిమిషాలపాటు పలక మీద పట్టాడు. నీహారికకి ఫోటో తియ్యడం అదే మొదలు. ఆయన భార్య ఆనా గురించి మాత్రం తక్కువగా చెప్పుకుంటారు. 1867లో పెళ్ళయిన వెంటనే వీళ్ళు విహారయాత్రకి వెళ్ళలేదు. టెలిస్కోపు అద్దానికి కావలసిన గాజుపలక కొనడానికి వెళ్ళారు. దాన్నే తమ పెళ్ళి ప్రయాణమని జీవితాంతం ముచ్చటగా చెప్పుకున్నారుట. అప్పట్లో పలకలకి మందు తడిగా పూసి, ఆరేలోపల ఫోటో తీసేసుకోవాలి. ఆ పూత పని ఆనాది. 1882లో భర్త హఠాత్తుగా పోతే ఆవిడ తన డబ్బు హార్వర్డ్ వేధశాలకి ఇచ్చి, భర్త పేరు మీద ఆకాశాన్ని ఫోటోలు తీసే పనిని నడిపించింది.

మన వైపు కూడా ఈ పని సాగింది సుమా! 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో మొదలుపెట్టిన నిజామియా వేధశాల, ప్రపంచమంతా కలిసి ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని ఫోటోలు తీసిన ఆ బృహత్ప్రయత్నంలో తన వాటాకి వచ్చిన ముక్కని తీసి, లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచి అచ్చువేసింది.

ఇక గుర్రపుతల దగ్గరికి వస్తాను. దాన్ని మొట్టమొదట చూసినది ఎవరనుకున్నారు? ఒక పనిమనిషి! విలియమీనా ఫ్లెమింగ్ స్కాట్లండులో పుట్టింది. 1878లో భర్తతో అమెరికా వచ్చింది. కడుపుతో ఉండగా భర్త వదిలేసి పోయాడు. పొట్టకోసం హార్వర్డ్ వేధశాల అధిపతి ఎడ్వర్డ్ పికరింగ్ ఇంట్లో పనికి కుదిరింది. తన దగ్గర పనిచేసే మగవాళ్ళ పని నచ్చక “ఇంతకన్నా మా పనిమనిషి బాగా చేస్తుంది” అని ఆయన విసుక్కున్నాడని ఒక కథ చెప్పుకుంటారు. కథ మాట ఎలా ఉన్నా, 1881 నుంచి ఆవిడ వేధశాలలో ఉద్యోగి. ఆనా డ్రేపర్ ఇచ్చిన డబ్బుతో పనిచేసిన ఆడవాళ్ళ బృందానికి ఆవిడే పెద్ద.

1888లో పికరింగ్ తమ్ముడు విలియం తీసిన ఒక గాజుపలకని భూతద్దంతో పరిశీలిస్తూ, మసక వెలుగు అంచున అర్ధచంద్రాకారంలో ఒక గంటు ఉన్నట్టు ఆవిడ గుర్తించింది. మరొకరైతే పలక మీద గీతో మరకో అనుకుని వదిలేసేవారు. ఆవిడ దాని చోటూ కొలతా రాసి పెట్టింది. అదే ఈనాడు పిల్లలు గదిగోడల మీద అంటించుకుంటున్న గుర్రపుతల. 1895లో అచ్చయిన నీహారికల జాబితాలో మాత్రం ఆ ఘనత పక్కన పికరింగ్ పేరొక్కటే పడింది. ఆవిడ పేరు లేదు.

తరవాతి జాబితాలో ఆవిడకి న్యాయం జరిగిందనుకోండి. ఆవిడ మొత్తం మీద యాభైకి పైగా నీహారికలూ, మూడువందలకు పైగా వెలుగు మారే నక్షత్రాలూ కనిపెట్టింది. అయినా 1900లో తన డైరీలో, మగవాళ్ళకిచ్చే జీతానికీ తనకిచ్చే జీతానికీ పోలిక లేదనీ, తనకి కూడా నడపవలసిన ఇల్లూ, చూసుకోవలసిన కుటుంబమూ ఉన్నాయని ఎవరూ తలచుకోరనీ రాసుకుంది. ఆకాశంలో అంత మసక వెలుగుని గుర్తించిన వేధశాలకి, పక్క బల్ల దగ్గర కూర్చున్న మనిషి కనబడలేదన్నమాట!

సరే, ఎరుపు సంగతేమిటని బావగారి రెండో ప్రశ్న. మసక వెలుగులో మన కంటికి రంగు తెలియదు. చీకటిపడ్డాక పెరట్లో మందారాన్ని చూడండి, నల్లగానే ఉంటుంది. అంతమాత్రాన మందారం ఎరుపు అబద్ధమా? ఆ నీహారికలో ఎరుపు హైడ్రోజన్ వాయువుది. వెలుగు చాలినంత ఉంటే మన కంటికీ ఎరుపే. కొన్ని ఫోటోల్లో మాత్రం రంగులు నిజంగానే మనుషులు ఎంచుకుంటారు. 1995లో హబుల్ టెలిస్కోపు తీసిన ప్రసిద్ధమైన ఫోటో ఉంది, దుమ్ము స్తంభాలు మూడు నిలబడి ఉంటాయి. అందులో గంధకానికి ఎరుపూ, హైడ్రోజన్‌కి ఆకుపచ్చా, ఆమ్లజనికి నీలమూ అని నిర్ణయించి వేశారు. ఏ వాయువు ఎక్కడుందో విడివిడిగా తెలియడానికి. అలా వేశామని దాచకుండా చెప్పారు. దేశపటంలో ఆంధ్రకి ఒక రంగూ, తమిళదేశానికి ఒక రంగూ వేస్తారు. నేల ఆ రంగులో ఉంటుందని ఎవరూ అనుకోరు కదా.

నాకు తోచిన తేడా ఇది. లోపల ఉన్నదాన్ని బయటికి లాగడం వేరు, లేనిదాన్ని బయటినుంచి తెచ్చి పెట్టడం వేరు. చారు మరిగించి చిక్కన చెయ్యడానికీ, చిక్కగా ఉండాలని పిండి కలపడానికీ ఉన్న తేడా. రెండూ గిన్నెలో ఒక్కలాగే కనబడొచ్చు. వండినవాళ్ళకి తెలుసు. ఈ రోజుల్లో లేని వివరాలని ఊహించి పూరించే యంత్రాలు కూడా వచ్చాయి కాబట్టి, ఏం చేశామో చెప్పడం అనే నియమం మరింత అవసరం. చేసింది చెప్పలేకపోతున్నామంటే అక్కడ పిండి కలిసిందన్నమాటే.

ఇంతవరకూ పిల్లాడి పక్షాన వాదించాను. ఇప్పుడు బావగారి పక్షం కూడా చెప్పాలి. మసక అంచున నిలబడినప్పుడు మనిషి లేనిదాన్ని కూడా చూస్తాడు. విలియం హెర్షెల్ అంతటి చూపున్న పరిశీలకుడు చరిత్రలో అరుదు. ఆయన ఆకాశంలో 52 చోట్ల పల్చటి వెలుగు పరుచుకుని ఉందని రాసిపెట్టాడు. వందేళ్ళ తరవాత ఐజాక్ రాబర్ట్స్ అనే ఆయన ఆ చోట్లన్నిటినీ ఓపిగ్గా ఫోటో తీశాడు. వాటిలో చాలా చోట్ల చెప్పుకోదగ్గ వెలుగేమీ పలక మీద పడలేదు. హెర్షెల్ అబద్ధాలకోరు కాడు. అలిసిన కన్ను, ఆశపడే మనసు, రెండూ కలిస్తే అలా జరుగుతుంది. రాబర్ట్స్ 1904లో పోతే, ఆ ఫోటోలని గ్రంథంగా వెలికి తెచ్చింది ఆయన భార్య డొరొతియా క్లుంప్కే. పారిస్‌లో గణితశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్న విదుషీమణి. చూశారా, ఈ చీకటి కథలో ఎక్కడ తడిమినా ఓ ఆడది చేతికి తగులుతూనే ఉంది!

మరి పోగుచేసింది నిజమో భ్రమో ఎలా తెలుస్తుంది? ఇదే నేను మా వాణ్ణి అడిగాను. వాడు చెప్పిన మూడు సంగతులు నన్ను చాలా రోజులు వదలలేదు.

మొదటిది. వాడు ఒకే ఫోటోగా తియ్యడు. మూడేసి నిమిషాలవి, అయిదేసి నిమిషాలవి వందల ఫోటోలు తీసి ఒకదానిమీద ఒకటి పేర్చి కలుపుతాడు. ప్రతి ఫోటోలోనూ వెలుగుతో పాటు కొంత చెత్త పడుతుంది. నాయిస్ అంటారు, మన మాటలో రొద. వంద ఫోటోలు కలిపితే అసలు వెలుగు వంద రెట్లవుతుంది, అడ్డదిడ్డంగా పడే రొద పది రెట్లే అవుతుంది. పెళ్ళిపందిట్లో వెయ్యి నోళ్ళు తలో మాటా మాట్లాడుతూంటే ఏదీ తెలియదు గాని, ఒక చంటిపిల్ల “అమ్మా, అమ్మా” అని అదేపనిగా పిలుస్తూంటే ఆ తల్లికి వినబడి తీరుతుంది. అలాగ.

రెండోది. ఇంతేనా అంటే, ఇంతే కాదుట. కెమెరా లోపల కొన్ని గళ్ళు పుట్టుకతోనే చెడి ఉంటాయి. వెలుగు పడకపోయినా పడినట్టు మెరుస్తాయి. అవి ప్రతి ఫోటోలోనూ అదే చోట మెరుస్తాయి కాబట్టి, వంద ఫోటోలు కలిపితే అవీ వంద రెట్లవుతాయి! అచ్చం నక్షత్రాల్లాగే నిలుస్తాయి. అందుకని వాడు ఏం చేస్తాడంటే, అదే చలిలో, అన్నే నిమిషాలు, కెమెరాకి మూత పెట్టి కొన్ని ఫోటోలు తీస్తాడు. ఆకాశం కనబడే వీలు లేదు. అందులో ఏం పడినా అది కెమెరా సొంత లోపమే. దాన్ని అసలు ఫోటోలోంచి తీసివేస్తాడు.

మూడోది. ఫోటోకీ ఫోటోకీ మధ్య టెలిస్కోపుని వెంట్రుకవాసి పక్కకి జరుపుతాడు. అప్పుడు ఆకాశంలో ఉన్నది ఆకాశంతో పాటు జరుగుతుంది. కెమెరాలో ఉన్నది కెమెరాలోనే ఉండిపోతుంది. ఏది ఎవరిదో తేలిపోతుంది.

వాడు చెబుతూంటే నాకు చుక్కలు గుర్తురాలేదు. మా ఎరుకలో ఒకావిడ గుర్తొచ్చింది. ఆవిడకి కోడలి మీద ఉన్న ఫిర్యాదు ఏ ఒక్క సంఘటన గురించీ కాదు. “పెద్దగా ఏమీ అనదమ్మా. కాని ఆ కాఫీగ్లాసు బల్ల మీద పెట్టే తీరు చూడు. నేను వరండాలోకొస్తే లేచి లోపలికి పోయే తీరు చూడు. ఒకసారైతే పోనీ అనుకుంటాను. నాలుగేళ్ళనుంచి చూస్తున్నాను” అంటుంది. ఆవిడ చేస్తున్నదీ మా వాడు చేస్తున్నదీ ఒకటే పని. ఒక్కసారి చూస్తే అందని దాన్ని రోజురోజుకీ పోగుచేస్తోంది. నాలుగేళ్ళ ఫోటో! చాలా స్పష్టంగా వచ్చింది కూడా.

దాన్ని అబద్ధమని నేనెలా అంటాను? నిజంగానే అలాంటి నిర్లక్ష్యాలు ఉంటాయి. సాక్ష్యానికి నిలబడనంత చిన్నచిన్న అవమానాలతో ఒక మనిషిని ఏళ్ళ తరబడి నలిపెయ్యవచ్చు. ఆ నలిగిన మనిషి చెప్పబోతే, “ఇంతేనా? ఇది కూడా ఒక విషయమేనా?” అంటారు. ఒక్క ఫోటో చూసి మాట్లాడేవాళ్ళు వాళ్ళు. కనక పోగుచెయ్యడం తప్పని నేననను. మూత పెట్టి తీశారా అని మాత్రం అడగాలనిపిస్తుంది.

కోడలు పుట్టింటికి పోయిన పదిరోజుల్లోనూ ఆవిడకి ఆ మంట ఉందా? గ్లాసు పెట్టే మనిషే ఎదుట లేనప్పుడు కూడా లోపల ఏదో అదే చోట మెరుస్తోందా? అయితే అది కోడలిది కాదు. తన అత్తగారి కాలంనాటిదో, మాట్లాడని భర్తదో, ఒంటరితనానిదో అయివుంటుంది. నాలుగేళ్ళు చూశానన్నది రుజువు కాదు. కెమెరాలో గడి చెడితే నలభై ఏళ్ళు తీసినా అక్కడే మెరుస్తుంది. అలాగే కాస్త పక్కకి జరిగి చూడడం కూడా ఉంది. అదే గ్లాసు కూతురు పెట్టి ఉంటే చప్పుడయినట్టు వినిపించేదా? వరండాలోంచి అదే మనిషి అక్కగారి ఇంట్లోనూ లేచి పోతుందా? ఈ ప్రశ్నలు కోడలివైపు నుంచీ అడగాలి. అత్తగారు ఏమన్నా ఎత్తిపొడుపుగానే వినిపించే కోడళ్ళు నాకు తెలుసు. మూత ఇద్దరికీ కావాలి.

ఈ మూడు పరీక్షలకీ నిలిచిన తరవాత కూడా అది అక్కడే ఉంటే, అప్పుడు దాన్ని నమ్మాలి. ఎవరు “పెయింటింగు” అన్నా సరే, నమ్మాలి. అది మన హక్కు.

విచిత్రమేమిటంటే, మనస్తాపాలని ఇంత శ్రద్ధగా పోగుచేసే మనం, ఆదరణని అలా పోగుచెయ్యం. దాని దగ్గర మాత్రం కన్నులాగే ఉంటాం. చూస్తాం, తుడిచేస్తాం.

మా అమ్మ రోజూ రాత్రి అందరం పడుకున్నాక మళ్ళీ ఒకసారి లేచి, వీధి తలుపు గడియ చూసి వచ్చేది. గడియ వేసేది నాన్నగారు. ఆయన వెయ్యడం మేమంతా చూసేవాళ్ళం. “గడియ వేశానే” అని కేకేసి చెప్పేవారు కూడా. అమ్మ చూసి రావడం ఎవరూ చూడలేదు, అందరం నిద్రలో ఉండేవాళ్ళం కనక. పరీక్షలకి చదువుకుంటూ మేలుకున్న రాత్రుళ్ళు మాత్రం గోడవెంట ఆవిడ అడుగుల చప్పుడు వినేదాన్ని. నలభై ఏళ్ళ కాపురం. ఏ ఊరికన్నా వెళ్ళిన రోజులు తీసేసినా పదమూడు, పద్నాలుగు వేలసార్లు లేచి ఉంటుంది. ఏ ఒక్క రాత్రి చూసినా అదేమంత పని? ఎవరికి చెప్పుకుంటుంది, ఎవరు మెచ్చుకుంటారు? కాని ఆ వేల రాత్రుళ్ళూ ఒకదానిమీద ఒకటి పేర్చి చూస్తే ఆకాశమంత వెలుగు. “మా అమ్మకేం, ఇంట్లోనే ఉండేది” అని మేం నలుగురు పిల్లలం చెప్పే మాటలో ఆ వెలుగు ఒక్క చుక్క కూడా లేదు.

అది కనబడకపోవడానికి వేరే కారణం కూడా ఉంది. పక్కన కళ్ళు చెదిరే దీపాలుండడం. ఊరి దీపాల కాంతి ఆకాశంలోకి పోయి పరుచుకుంటే, పోగుచేసేకొద్దీ ఆ కాంతి కూడా పోగవుతుందిట. అందుకే మసక వస్తువులకోసం మనుషులు చీకటిని వెతుక్కుంటూ పోతారు. లడఖ్‌లో హాన్లే అనే చోట, సముద్రమట్టానికి నాలుగువేల మీటర్లకి పైన, మన దేశపు పెద్ద టెలిస్కోపులున్నాయి. 2022లో ఆ చుట్టుపక్కల చీకటిని రక్షిత సంపదగా ప్రకటించారు. ఊళ్ళోవాళ్ళు కిటికీలకి మందమైన తెరలు కట్టుకుంటారు, దీపాలకి పైకి వెలుగు పోకుండా కప్పులు పెట్టుకుంటారు. చీకటిని కాపాడుకోవడం ఒక ధర్మంగా ఆ గ్రామం ఎంచుకుంది. మన ఇళ్ళల్లోనూ ఒకరి సంపాదనో, ఒకరి గొంతో, ఒకరి చదువో పెద్ద దీపంలాగ వెలుగుతూంటే, ఆ కాంతిలో గడియ చూసివచ్చే మనిషి కనబడకుండా పోతుంది. ఆ దీపం ఆర్పెయ్యక్కర్లేదు. ఒక తెర కడితే చాలు.

ఇంకొక్క సంగతి చెప్పకపోతే ఈ పోలిక అన్యాయమవుతుంది. నీహారిక మన జీవితకాలంలో కదలదు, మెదలదు. ఈ ఏడాది తీసిన ఫోటోకి వచ్చే ఏడాది తీసింది కలపవచ్చు. మనిషి అలా కాదు. పొద్దున్న విసుక్కున్నవాడు సాయంత్రానికి పశ్చాత్తాపపడి మల్లెపూలు తెస్తాడు. పాతికేళ్ళ నాటి ఫోటోకి నిన్నటిది కలిపి “ఇదీ ఆయన స్వరూపం” అంటే, అలాంటి మనిషి ఏ కాలంలోనూ ఉండి ఉండడు. మనుషుల విషయంలో పోగుచెయ్యడంతో పాటు, పాతవాటిని తీసి పక్కన పెట్టడం కూడా తెలియాలి. అది ఏ కెమెరాకీ రాని విద్య. మనకే రావాలి.

చివరగా ఒక కబురు. మనకి దగ్గరి పెద్ద గెలాక్సీ దేవయాని. పాతిక లక్షల కాంతి సంవత్సరాల దూరం. ఆకాశంలో దానంతగా ఫోటోలు తీయించుకున్నది మరొకటి ఉండదేమో. 1888లో రాబర్ట్స్ తీశాడు, తరవాత లోకంలో పెద్దాచిన్నా టెలిస్కోపులన్నీ తీశాయి. దాని సంగతంతా తెలిసిపోయిందనే అందరూ అనుకున్నారు. 2022లో ఫ్రాన్సు, జర్మనీలకి చెందిన యాన్ సెంటీ, జేవియర్ స్ట్రాట్నర్, మార్సెల్ డ్రెక్స్లర్ అనే ముగ్గురు ఔత్సాహికులు, వేధశాలల్లో ఉద్యోగులు కారు, ఆమ్లజని వెలుగుని వడగట్టి గంటల తరబడి పోగుచేసి చూశారు. గెలాక్సీ పక్కనే ఆకాశం మీద ఒక పెద్ద నీలపు విల్లు! దాని ఫోటో ఎవ్వరూ చూసి ఉండలేదు. శాస్త్రజ్ఞులు కూడా కలిసి సరిచూసి, నిజమేనని 2023లో ప్రకటించారు.

అంతగా చూసిన దానిలోనే అంత మిగిలి ఉందంటే, ముప్ఫై ఏళ్ళుగా ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న మనిషి గురించి “నాకు తెలియంది ఏముందిలెండి” అనడానికి నాకైతే నోరు రాదు.